అవసరం లేని కట్టలు

వీధి గదిలో ఉన్న జయంతి ట్రంకుపెట్టె వంటింటి గుమ్మం పక్కకి జరిగిన రోజున, పెరంబూరులోని ఆ ఇంట్లో ఆఫీసు వెలిసింది.

ఆషామాషీ ఆఫీసు కాదు. ఆమె మామగారు ఆదికేశవులు నాయుడు రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. రిటైరై ఏడాది దాటింది గానీ ఒక్కరోజు ఖాళీగా కూర్చున్నది లేదు. అర్జీ రాయించుకోవాలన్నా, ఇంగ్లీషు ఉత్తరం చదివించుకోవాలన్నా, ఫారం నింపించుకోవాలన్నా పేటలో వాళ్ళు ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేవాడు కాదు. తిన్నె మీద చాప వేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాసేవాడు. ఎంత లేదన్నా హెడ్ క్లర్కు కదా, చాప మీద కూర్చుంటే చేతికి రాత వస్తుందేమో గానీ మనసుకి హోదా రాదు. 1974 ఆగస్టు మొదటి వారంలో ఆయన మూర్ మార్కెట్టు నుంచి ఒక పాత టేకు బల్ల, చేతుల కుర్చీ, పదహారు గూళ్ళున్న చెక్క అర తోపుడు బండి మీద తెప్పించాడు.

బల్ల మీద ప్రతి వస్తువుకీ ఒక చోటు. ఎడమ పక్క జిగురు సీసా, గుండుసూదుల దిండు, ఆకుపచ్చ ట్యాగులు. ఎదురుగా టైపు మిషను. కుడిచేతి కొసన ఇత్తడి గంట. ఒకసారి కొడితే మంచినీళ్ళు, రెండుసార్లు కొడితే కాఫీ. మొదటి రోజు మూడుసార్లు మోగింది. మూడుకి ఏం తేవాలో తెలియక జయంతి చేతి పిండి కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చింది.

"ఏం లేదు మా, పలుకుతా ఉండాదా లేదా అని చూసినా" అన్నాడాయన.

గంట కంటే పెద్ద ముచ్చట ఆయన కట్టలు. ఎవరు ఏ కాగితాలు తెచ్చిచ్చినా వాటిని వార్తాపత్రికలో చుట్టి, పురికొస కట్టి, పైన ఒక నంబరు వేసేవాడు. పేరు వేయడు. "పేరుంటే వచ్చినోడల్లా చదువుతాడు. పేర్లన్నీ నా రిజిస్టర్లో ఉండాయి" అనేవాడు. ఆ కట్టలన్నీ గోడవార రెండు దొంతరలు. ఒకదాని పైన గోడకి గుండ్రటి అక్షరాలతో 'అవసరం' అని చీటీ, రెండోదాని పైన 'అవసరం లేదు' అని చీటీ.

ఆ రెండో మాట చూసినప్పుడల్లా జయంతికి ఎక్కడో చివుక్కుమనేది. తెనాలి నుంచి ఆమె ఈ ఇంటికి కాపురానికి వచ్చి పది నెలలు. వచ్చిన రెండో నెలలో, తెలుగు పిల్లల బళ్ళో టీచర్లు కావాలన్న ప్రకటన కత్తిరించి, దానికి తన ట్రైనింగు సర్టిఫికెట్లు జతచేసి, భయపడుతూ మామగారి చేతికిచ్చింది. ఇక్కడి పద్ధతులు ఆయనకైతే తెలుసు, అర్జీ ఆయనే రాస్తారని. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని అంతా చూశాడు. చూసి, "అవసరం లేదమ్మా" అన్నాడు. మాట మెత్తగానే ఉంది. కోడలికి ఉద్యోగం అవసరం లేదని అంత మెత్తగా చెప్పిన మనిషితో ఇంకేం మాట్లాడుతుంది? సర్టిఫికెట్లు తిరిగి అడగడానికి కూడా అభిమానం అడ్డొచ్చింది. గంట మోగితే వెళ్ళేది, లేకపోతే వంటింట్లో ఉండేది.

అర గోడకి బిగించడానికి వడ్రంగి వచ్చే రోజుకి ఆదికేశవులు నాయుడికి అరక్కోణంలో పెళ్ళి పడింది. సంచి భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ వీధిలోంచే పురమాయించాడు.

"అమ్మాయ్! వడ్లాయన వచ్చేలోపల గది ఖాళీ చెయ్యి మా. అవసరమని రాసినవి బల్ల మీద పెట్టు. ఆయన పని అయినంక గూళ్ళలో వరసగా సర్దు. అవసరం లేనివి ఆడ్నించి తీసెయ్."

"తీసేయనా మావయ్యగారూ? అన్నీనా?"

"అన్నీ తీసెయ్ మా. రేపు సాయంత్రానికి వచ్చేస్తా."

భర్త బాలసుందరం కోచ్ ఫ్యాక్టరీకి బయల్దేరుతూ టిఫిన్ క్యారియరు కోసం నిలబడి ఉన్నాడు. ఎందుకైనా మంచిదని అతన్నీ అడిగింది. "నాయన ఏం చెప్పినాడో అది చెయ్యి. ఆయన ఆఫీసు విషయంలో నేను తల దూర్చను తల్లీ" అని అతను నవ్వుతూ సైకిలెక్కాడు.

జయంతి కొంగు నడుముకి చుట్టి పనిలోకి దిగింది. అవసరమైన కట్టలు తొమ్మిది. ఒక్కొక్కటీ దుమ్ము దులిపి బల్ల మీద పేర్చింది. అవసరం లేనివి పద్నాలుగు. వాటి మీద ధూళి వేలితో పేరు రాయగలిగినంత ఉంది. వాటిని తిన్నె మీదికి చేరవేస్తుండగా మునిస్వామి బండి వచ్చింది. పాత పేపర్లు, సీసాలు తీసుకుని ప్లాస్టిక్ సామాను ఇచ్చేవాడు. పద్నాలుగు కట్టలూ తూచి, కాసేపు బేరమాడి, ఒక ఆకుపచ్చ బకెట్టు ఇచ్చిపోయాడు.

వడ్రంగి అర బిగించి వెళ్ళాక ఆమె గది కడిగింది, కొత్త బకెట్టుతోనే. తొమ్మిది కట్టలూ నంబర్ల వరసన గూళ్ళలో పెట్టింది. అర నుదుటన ఇంత పసుపూ కుంకుమా పెట్టి, దూరంగా నిలబడి చూసుకుంది. ముచ్చటగా ఉంది. మామగారు వచ్చి చూసి ఒక్క మంచి మాట అంటాడని ఆశ కూడా పుట్టింది. మనిషి ఆశ చాలా చిన్నది, దానికి ఇంత కుంకుమ చాలు.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకి పుష్పవల్లి వచ్చింది. అంబత్తూరులో మోటార్లు చేసే ఒక కంపెనీలో ఆమె మొగుడు వరదయ్య ఫిట్టరుగా చేసేవాడు. జ్వరం వచ్చి పోయాడు. నెలకోసారి ఆమె రైల్లో వచ్చి, తిన్నె కింద మెట్టు మీద కూర్చుని, కాగితాల సంగతి అడిగి వెళ్తుంది. ఎప్పుడూ ఉత్త చేతులతో రాదు. పెరట్లో కరివేపాకు రెండు రెమ్మలు తెస్తుంది.

"పెద్దాయన లేడా మా?"

"అరక్కోణం పెళ్ళికి వెళ్ళారండీ. సాయంత్రానికి వస్తారు. పైకి రండి, మంచినీళ్ళు తాగుదురు గాని" అని జయంతి గ్లాసు తెచ్చింది.

"వద్దు మా, కూర్చోను. అవసరంగా పోవాల."

"ఏం అవసరమండీ? నాతో చెప్పండి, మావయ్యగారికి చెప్తాను."

పుష్పవల్లి ఆమె ముఖంలోకి చూసి నవ్వింది. "అవసరమంటే ఇంకేముంది మా, బిన్నా పోవాల. మూడు గంటల రైలు పోతే మళ్ళీ పొద్దుపోతాది."

జయంతి చేతిలో గ్లాసు చేతిలోనే ఉంది. "అవసరమంటే... తొందరా?"

"మరి? మీ ఊర్లో ఏమంటారు? పెద్దాయన కూడా నాతో అదే మాట. 'అవసరం లేదు పుష్పవల్లీ, నిదానంగా చేద్దాం' అంటాడు. సరే, ఆయనకి తెల్దా మనకి తెలుసునా అని నేను ఊరకుండాను. నా కాయితాలు భద్రంగా ఉండాయి గదా మా?"

అవసరం. అవసరం లేదు. గోడవార రెండు చీటీలూ జయంతి కళ్ళ ముందు నిలబడ్డాయి. మొన్నటిదాకా తను చదివిన అక్షరాలే, ఒక్క అక్షరం మారలేదు, అర్థం మాత్రం మొత్తం తిరగబడింది. పది నెలలు ఈ ఊళ్ళో ఉండి ఈ ఒక్క మాట తన చెవిన ఎలా పడలేదు? మొగుడు ప్రతిదానికీ అర్జెంటు అర్జెంటు అంటాడు. మామగారు తనతో మాట్లాడేదే గంటతో. ఇంకెవరు చెప్తారు?

గ్లాసులో నీళ్ళు ఆమె పాదాల మీద పడ్డాయి.

"ఏమైంది మా?"

"పారేశానండీ." "అవసరం లేదంటే అక్కర్లేదనుకుని... పాత పేపర్లవాడికి వేసేశాను."

పుష్పవల్లి తిట్టలేదు. నెత్తీ నోరూ కొట్టుకోలేదు. మెట్టు మీద కూలబడింది. చేతిలో కరివేపాకు అలాగే ఉంది. తనలో తను చెప్పుకున్నట్టు, "ఆయన పేరు ఉండేది ఆ కాయితాల్లోనే మా. ఇంట్లో ఒక ఫోటో కూడా లేదు" అంది.

తిట్టినా బాగుండేది. జయంతి తలుపు దగ్గరగా వేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. ఆకుపచ్చ బకెట్టు చేతిలో ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు. వెనకాల పుష్పవల్లి వస్తోంది.

మునిస్వామి అంగడి రైలు కట్ట పక్కనున్న రేకుల షెడ్డు. వాళ్ళు వెళ్ళేసరికి కట్టలన్నీ విప్పేసి ఉన్నాయి. పైన చుట్టిన వార్తాపత్రికలు ఒక పక్క, లోపలి తెల్ల కాగితాలు ఒక పక్క. మునిస్వామి భార్య నేల మీద కూర్చుని, మైదా గంజి గిన్నె ముందు పెట్టుకుని, తెల్ల కాగితాలని మడిచి కవర్లు అంటిస్తోంది.

"ఆపండమ్మా! ఆపండి!"

మునిస్వామి బిత్తరపోయాడు. "ఏంది మా ఇది? నేనేమన్నా దొంగతనం చేసినానా? నువ్వే గదా ఇచ్చి బకెట్టు తీసుకున్యావు."

"బకెట్టు ఇదిగో. కాగితాలన్నీ నాకిచ్చేయండి. తప్పంతా నాదే."

బకెట్టుని చూసి, ఆ పిల్ల ముఖం చూసి, అతను మెత్తబడ్డాడు. "బకెట్టు ఉంచుకో పో. ఏరుకో."

ఇద్దరూ నేల మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టారు. పుష్పవల్లికి చదువు రాదు. ఆమె కాగితాలు సాపు చేసి అందిస్తుంటే జయంతి పేరు చూసి వేరు చేస్తోంది. ఎవరిదో రేషన్ కార్డు అర్జీ. ఎవరిదో పిల్లవాడి పుట్టిన తేదీ కాగితం. ఒక ముసలాయన వేలిముద్రలు వేసిన ఫారం, నింపకుండా. ఆ తర్వాత పుష్పవల్లి అందించిన కాగితం మీద తన పేరు ఉంది.

జయంతి దాన్ని రెండుసార్లు చదివింది. టీచర్ ట్రైనింగు, ద్వితీయ శ్రేణి. కింద ప్రిన్సిపాలు సంతకం. తన సర్టిఫికెట్టు తనే తూకానికి వేసింది! నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియని స్థితిలో ఇంకో మాట తట్టింది. ఆ రోజు మామగారు వద్దనలేదు. అవసరం లేదన్నాడు. అంటే తొందర లేదన్నాడు, అంతే. ఎనిమిది నెలలు తను మింగుకున్న బాధంతా అనని మాట కోసమా? కోడలు పని చేయడం ఆయనకి ఇష్టం లేదని తను ఎన్ని మధ్యాహ్నాలు ఆ ట్రంకుపెట్టె మీద తల ఆనించి కూర్చుందో!

"ఏంది మా అది?"

"నాదేనండీ. నాది కూడా ఈ గుట్టలోనే ఉంది."

పుష్పవల్లి కాగితాల్లో రెండు దొరికాయి. మూడోది, కంపెనీ వాళ్ళు పంపిన ఉత్తరం, అప్పటికే కవరైపోయింది. గంజి తడి ఇంకా ఆరలేదు. జయంతి లాగబోతే పుష్పవల్లి చేయి పట్టుకుంది.

"పీకొద్దు మా, చినుగుతాది. నీళ్ళలో వెయ్యొద్దు, సిరా పోతాది. ఆవిరి పట్టిద్దాం, ఇంటికి పోదాం పా."

అంటించిన కవర్లతో సహా గుట్టలోని తెల్ల కాగితాలన్నీ బకెట్లో వేసుకుని ఇల్లు చేరారు. ఇడ్లీ పాత్రలో నీళ్ళు పెట్టి, మూత కొద్దిగా తెరిచి, ఆ సందులోంచి వచ్చే ఆవిరి మీద కవరుని పట్టుకుంది పుష్పవల్లి. ఒక అంచు, మళ్ళీ ఇంకో అంచు. వేళ్ళు కాలుతున్నా మార్చి మార్చి పట్టుకుంది గానీ కిందపెట్టలేదు. అతుకు వదిలిన చోట గోటితో నెమ్మదిగా విడదీసింది. మూడు గంటల రైలు వెళ్ళిన చప్పుడు వినబడింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. కాసేపటికి ఉత్తరం పూర్తిగా విచ్చుకుంది. జయంతి దాన్ని పీట మీద పరిచి చదివింది. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయింది.

"పుష్పవల్లిగారూ, ఆయన పోయింది ఏ తేదీ?"

"పోయిన ఆగస్టు పదో తేదీ మా. శుక్రవారం."

గోడ మీద క్యాలెండరు ఏడో తేదీ చూపిస్తోంది. చనిపోయిన వాడి ఇంట్లో ఒకరికి పని ఇస్తామని కంపెనీ రాసింది. చనిపోయిన నాటి నుంచి ఏడాది లోపల అర్జీ అందాలనీ, గడువు దాటితే పరిశీలించమనీ రాసింది. మూడు రోజులు. మూడు రోజులు గడిస్తే ఈ ఉత్తరం నిజంగానే కవరుకి తప్ప దేనికీ పనికిరాదు.

"ఇది మీకెవరూ చదివి చెప్పలేదా?"

"పెద్దాయన చదివినాడు మా. సంవత్సరం టైము ఉండాది, అవసరం లేదన్నాడు."

ఆయన అన్నది అబద్ధం కాదు. అన్నప్పుడు నిజంగా సంవత్సరం ఉంది. కట్టలు పారేశానని ఇందాకటి నుంచి తను వణికిపోతోంది. పారేయకుండా బుద్ధిగా గోడవార సర్ది ఉంటే? ధూళి ఇంకొంచెం మందమయ్యేది, ఆగస్టు పది వెళ్ళిపోయేది, పుష్పవల్లి వచ్చే నెల మళ్ళీ కరివేపాకు తెచ్చేది.

సాయంత్రం ఐదింటికి ఆదికేశవులు నాయుడు తాంబూలం సంచితో దిగాడు. తిన్నె మెట్టు మీద పుష్పవల్లిని చూసి తలాడించి, నేరుగా ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. అరనీ గూళ్ళనీ మురిపెంగా చూశాడు. తర్వాత గోడ వైపు చూశాడు.

"అమ్మాయ్, మిగతా కట్టలు యాడ?"

గుమ్మం దగ్గర నిలబడి జయంతి జరిగినదంతా చెప్పింది. దాచలేదు. ఆయన ముఖం ఎర్రబడింది.

"పాత పేపరాయనకి వేసినావా? తెలుగు రాదా నీకు? చదువుకున్యావు గదా! అవసరం లేదంటే పారెయ్యమని అర్థమా?"

"మా తెలుగులో అంతేనండీ మావయ్యగారూ. అక్కర్లేదని."

"ఏ ఊరి తెలుగో! ముప్పై నాలుగేళ్ళు ఒక్క కాయితం పోగొట్టలేదు నేను. ఒక్క కాయితం!"

"కాగితాలు పోలేదండీ. అన్నీ తెచ్చాను." ఆమె ముడతలు పడిన ఉత్తరాన్ని బల్ల మీద పెట్టింది. "ఇది చదవండి. తర్వాత ఎన్ని తిట్టినా పడతాను."

ఆయన నిలబడే చదివాడు. రిజిస్టరు తీసి నంబరు చూశాడు. మళ్ళీ ఉత్తరం చూశాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు, మూడు వేళ్ళ దగ్గర ఆగాడు. చేతుల కుర్చీ పక్కనే ఉన్నా ఎదురుగా ఉన్న ముక్కాలి పీట మీద, అర్జీదార్లు కూర్చునే చోట, కూలబడ్డాడు.

"ఈ పుష్పవల్లి ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదే..." అన్నాడు.

"అడగరండీ." ఇంత ధైర్యం ఎక్కడిదో జయంతికే తెలియదు. "గూళ్ళలో ఉన్న తొమ్మిది కట్టలూ ఇందాక విప్పి చూశాను. క్షమించండి. సంగీత సభ సెక్రటరీ గారి ఉత్తరం, మిల్లు ఓనరు గారి ఇంటిపన్ను అర్జీ, కౌన్సిలరు బావమరిది గారిది... అందరూ కుర్చీలో కూర్చునే వాళ్ళే. మెట్టు మీద కూర్చునే వాళ్ళవన్నీ ఆ పద్నాలుగులో ఉన్నాయి."

ఇప్పుడు గంట విసిరికొడతాడని ఆమె అనుకుంది. ఆయన తలెత్తలేదు. పెళ్ళిలో పెట్టిన గంధం చెంప మీద ఎండి, చెమటకి జారుతోంది. కాసేపటికి లేచి టైపు మిషను మూత తీశాడు.

"పుష్పవల్లీ, పైకి రా మా. కింద కాదు, ఈడ, కుర్చీలో కూర్చో. వరదయ్య టోకెన్ నంబరు చెప్పు."

దీపాలు పెట్టేలోపల అర్జీ తయారైంది. బాలసుందరం డ్యూటీ నుంచి వచ్చి సంగతి విని నవ్వబోయి, తండ్రి ముఖం చూసి మానుకుని, సైకిలు మీద పుష్పవల్లిని స్టేషన్లో దింపి వచ్చాడు. మర్నాడు పొద్దున్నే ఆదికేశవులు నాయుడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అంబత్తూరు వెళ్ళి, ఆమెని వెంటబెట్టుకుని కంపెనీ గేటు దగ్గర రెండు గంటలు నిలబడి, అర్జీ అందినట్టు సీలు వేయించుకున్న నకలు పట్టుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. పని దొరుకుతుందో లేదో తర్వాతి మాట. గడువు లోపల అందింది.

భోజనం చేశాక గంట మోగలేదు. ఆయనే వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ట్రంకుపెట్టె అడ్డం ఉంటే దాని పక్కన ఆగి, "నీ కట్ట తీసుకొని దా మా. రాసేద్దాం" అన్నాడు.

జయంతి సర్టిఫికెట్లూ, పిన్నుతో గుచ్చిన ప్రకటనా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన కలం తెరిచి, కళ్ళద్దాలు దించుకుని, ప్రకటన అడుగు దాకా చదివాడు. అడుగున చిన్న అక్షరాల దగ్గర ఆయన చూపు నిలిచిపోయింది. జయంతి ఒంగి చూసింది. ఆఖరి తేదీ జూన్ ముప్పై.

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"పోతే పోయింది మా. వచ్చే సంవత్సరం మళ్ళీ పిలుస్తారు. ఇప్పుడేం అవసరం..." అని, ఆ మాట నోట్లో ఉండగానే ఆగిపోయాడు.

"ఏ ఊరి అర్థంలో మావయ్యగారూ?" అంది జయంతి. "ఈ ఎనిమిది నెలలూ మీరు నన్ను వద్దన్నారనుకున్నాను. నిన్న ఆ షెడ్డులో కూర్చుని, అయ్యో, తొందర లేదనే కదా అన్నారు అనుకుని సంతోషపడ్డాను కూడా. తీరా చూస్తే రెండూ ఒకటే అయ్యాయి."

ఆయన కలం మూత పెట్టాడు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఎన్ని వేల కట్టల మీద ఆ చీటీ పెట్టాడో లెక్క చూసుకుంటున్నట్టు చాలాసేపు అర వంకే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత పాత చీటీలు రెండూ చించి బుట్టలో వేసి, తెల్ల కాగితం కత్తిరించి రెండు ముక్కలు చేసి, చేతుల కుర్చీలోంచి లేచాడు.

"ఈడ కూర్చో మా. కొత్తవి నువ్వే రాయి. మీ ఊరి తెలుగులోనే రాయి. ఒకటి తొందర, ఒకటి తొందర లేదు."

జయంతి కుర్చీ అంచున కూర్చుంది. కలం తీసుకుని మొదటి చీటీ మీద 'తొందర' అని రాసింది. రెండో చీటీ ముందు కాసేపు ఆగింది. తర్వాత దాని మీద కూడా 'తొందర' అని రాసి, రెండూ ఆయన ముందుకి జరిపింది.

ఆదికేశవులు నాయుడు ఒకటి చదివాడు. రెండోది చదివాడు. కోడలి ముఖం వైపు చూశాడు. జిగురు సీసా మూత తీసి, రెండు చీటీల వెనకా పూసి, పై గూళ్ళకి ఒకటీ కింది గూళ్ళకి ఒకటీ అంటించి, పడిపోకుండా బొటనవేలితో గట్టిగా అదిమాడు.